పాదచోదిత ద్విచక్రిపై మంత్రిగారు

“ఈ రోడ్డు మీద ఏమీ ఉండదు! అదే దీని గొప్పతనం!”

ఏలూరు సభలో మంత్రి సూర్యప్రకాశరావు గారు ఈ మాట అనగానే చప్పట్లు మారుమోగిపోయాయి. అది రెండు వేల ఏడు, నవంబరు నెల. నిశ్శబ్దం ఎంత గొప్పదో చివరి వరుసలో కూర్చున్నవాళ్లకి కూడా వినబడాలని ఆ రోజు మైదానంలో ఎనిమిది లౌడు స్పీకర్లు కట్టారు.

మంత్రిగారిది తాడేపల్లిగూడెం. రెండు రైసుమిల్లులూ, ఒక కల్యాణమండపమూ ఉన్నా బొత్తిగా గర్వం లేని మనిషి. అప్పట్లో ఆయన ఏ శాఖ చూసేవారో నాకు సరిగ్గా గుర్తు లేదు. ఆ ఏడాది మూడుసార్లు మారింది. దేశసేవలో భాగంగా ఆయన పన్నెండు రోజులు హాలండు వెళ్లి అధ్యయనం చేసి వచ్చారు. అక్కడి జనం పొగా మోతా లేని పల్లెటూరి రోడ్ల మీద సైకిళ్లు తొక్కుకుంటూ, పాత కోటలూ పాత చర్చిలూ చూసుకుంటూ పోవడం ఆయన కారు అద్దంలోంచి కళ్లారా చూశారు. మనకి మాత్రం ఏం తక్కువ? పల్లెటూళ్లున్నాయి. సైకిళ్లున్నాయి. పాతవంటారా, కావలసినన్ని ఉన్నాయి. లేనిదల్లా పథకం ఒక్కటే. అందుకని ఏలూరు నుంచి పెదవేగి మీదుగా దిబ్బలపాలెం దాకా పదహారు కిలోమీటర్ల ‘ప్రశాంత చారిత్రక గ్రామీణ సైకిలు మార్గం’ మంజూరు చేయించారు. రెండో దశలో దాన్ని అటు కొల్లేటి దాకా పొడిగిస్తామని, అక్కడి పక్షులు చేసే గోల మీద ఒక కమిటీ వేస్తామని కూడా హామీ ఇచ్చారు.

నా పేరు నిత్యానందం. పెదవేగిలో పోస్ట్‌మాన్‌ని. పంతొమ్మిదేళ్లుగా రోజూ ఆ రోడ్డు మీదే సైకిలు తొక్కుతూ ఉత్తరాలు పంచుతున్నాను. పొద్దున్నపూట పామాయిల్ తోటల మధ్య నుంచి పోతుంటే నా సైకిలు చైను చప్పుడు తప్ప ఇంకొకటి వినబడదు. ఆ ప్రశాంతతనంతా నేను పంతొమ్మిదేళ్లుగా ఏ మంజూరూ లేకుండా వాడేసుకుంటున్నానని ఆ సభలో కూర్చున్నప్పుడే తెలిసింది. కొంచెం భయం వేసింది.

సభ ముగుస్తుందనగా వెనకాల ఒకాయన లేచి, “మా పార్టీ గుర్తుకి ప్రభుత్వ ఖర్చుతో ప్రచారం చేసి పెడుతున్నారు, చాలా థాంక్సండీ!” అని అరిచి వెళ్లిపోయాడు.

వేదిక మీద ఒక్కసారిగా నిజమైన నిశ్శబ్దం ఆవరించింది.

సైకిలు ప్రతిపక్షం వారి ఎన్నికల గుర్తు. హాలండులో ఆ సంగతి చెప్పేవాళ్లెవరూ లేకపోవడం వల్ల మంత్రిగారికి తట్టలేదు. ఆయన ముఖ్య అనుచరుడు జోగారావు గారు పరుగున వచ్చి మైకు ఆపించారు. పథకానికి స్పెషలాఫీసరుగా వచ్చిన చలపతిరావు గారు ఫైలు చంకలో పెట్టుకుని ముందుకి వంగారు. నేను వేదిక పక్కనే కింద కూర్చుని ఉన్నాను కాబట్టి అంతా వినబడింది.

“సైకిలు అనకపోతే సరిపోతుందండీ. పాదచోదిత ద్విచక్రి అందాం.”

“అంటే?”

“కాళ్లతో తొక్కే రెండు చక్రాల బండండి.”

“అంటే సైకిలే కదయ్యా?”

“అర్థం అదేనండి. గుర్తు అది కాదండి.”

మంత్రిగారు చలపతిరావు గారి భుజం తట్టారు. ఇలాంటి ఆఫీసర్లు జిల్లాకి ఒక్కరుంటే చాలు. రెండో వాళ్లని జిల్లా భరించలేదు.

మర్నాటి నుంచి మా రోడ్డుకి దశ తిరిగింది. ముందుగా జోగారావు గారు జీపులో తనిఖీకి వచ్చారు. ఆ రోజుల్లో రోడ్డుకి రెండు పక్కలా తంగేడు విరగబూసి ఉంది. ఆయన జీపు ఆపించి, అటుగా పోతున్న నన్ను పిలిచారు.

“ఏవండీ, ఈ పసుపు రంగంతా ఎవరు పెట్టించారండీ?”

“తంగేడండి. దానంతటదే పూస్తుందండి.”

“ఏ పార్టీ సపోర్టూ లేకుండా ఇంత పసుపు ఎలా వస్తుందండీ?” అన్నారాయన బాధగా. పసుపు ఎదుటి పార్టీ రంగు. రెండు రోజుల్లో పదహారు కిలోమీటర్ల తంగేడూ నరికేశారు. ప్రకృతి అందాల మధ్య పోయే దారి అని బోర్డు అంతకుముందే రాయించారు కాబట్టి దాన్ని అలాగే ఉంచారు.

తర్వాత ట్రాఫిక్ సర్వే జరిగింది. రోజుకి యాభై బళ్లకి మించి తిరగని రోడ్డయితేనే ఈ పథకం వర్తిస్తుందని రూలు. చలపతిరావు గారు మొత్తం రోడ్డు పొడుగునా మనుషుల్ని కూర్చోబెట్టి, ఒక పగలంతా లెక్క పెట్టించారు. నూట ముప్పై ఒకటి తేలింది. అందులో తొంభై నాలుగు లెక్కపెట్టేవాళ్లని దింపడానికీ, వాళ్లకి టిఫిన్లు తేవడానికీ, లెక్క సరిగ్గా జరుగుతోందో లేదో చూడడానికీ వచ్చిన జీపులు. మిగిలినవి ముప్పై ఏడే కదా అని నేను అనబోయాను కానీ, చలపతిరావు గారి ముఖంలో అంత విచారం చూసి ఊరుకున్నాను.

“ట్రాఫిక్ తగ్గించాలండీ,” అన్నారాయన. జీపులు ప్రభుత్వానివి కాబట్టి వాటిని తగ్గించడం కుదరదు. అందుకని ఆర్టీసీ బస్సు రెండు ట్రిప్పులూ, ట్రాక్టర్లూ, ఎడ్లబళ్లూ ఆపించారు.

పామాయిల్ రైతు వెంకట్రాజు గారు చలపతిరావు గారి దగ్గరికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు. “ఏవండీ, గెలలు కోశాక ఇరవై నాలుగు గంటల్లో ఫ్యాక్టరీకి చేరకపోతే పాడైపోతాయండి. ట్రాక్టరు వదలండి.”

“గెలలు ఈ వారం కోయకండి.”

“పండినయ్యండీ!”

“పండనివ్వకండి,” అన్నారు చలపతిరావు గారు ఎంతో మర్యాదగా.

ఇక చారిత్రక ప్రదేశాలు. మూడు కిలోమీటర్లకి ఒకటి ఉండాలని ఇంకో రూలు. పెదవేగిలో పాత రాజుల కాలం నాటి దిబ్బలూ, తవ్వకాల్లో బయటపడ్డ ఇటుక కట్టడాలూ ఉన్నాయి. మంత్రిగారే స్వయంగా చూడడానికి వచ్చారు. ఆ ఇటుకల వైపు చాలాసేపు చూశారు. ఆయన కళ్లు చెమర్చినట్టే నాకనిపించింది.

“ఇంత శిథిలమైపోతుంటే ఏం చేస్తున్నారయ్యా? ఎన్నాళ్లయింది కట్టి?”

“సుమారు పదహారు వందల ఏళ్లండి,” అన్నారు చలపతిరావు గారు.

“కాంట్రాక్టరెవరు?”

“శాలంకాయనులండి.”

“వాళ్లకి ఇంకో పని ఇవ్వకండి,” అని మంత్రిగారు కారెక్కేశారు.

ఆయన అవినీతిని ఎంతగా అసహ్యించుకుంటారో మాకు ఆ రోజు తెలిసింది. అయితే పెదవేగి దాటాక దిబ్బలపాలెం దాకా ఒక్క చారిత్రక ప్రదేశమూ దొరకలేదు. ఎంత వెతికినా పామాయిల్ చెట్లే. చివరికి దిబ్బలపాలెం మొదట్లో దానమ్మగారి ఇంటి ముందున్న కల్వర్టు చలపతిరావు గారి కంట పడింది. బాగా పాతగానే కనిపించింది. ‘క్రీ.శ. ఐదవ శతాబ్దపు రాతి వంతెన’ అని బోర్డు పాతించారు.

దానమ్మగారు బయటికి వచ్చి ఆ బోర్డుని కూడబలుక్కుని చదివారు. “ఏవండీ, ఇది మా ఆయన కట్టిందండి. తాపీ మేస్త్రీ అండి ఆయన. ఇదిగో, ఈ మూల సిమెంటులో ఆయన వేలిముద్రలు కూడా ఉంటాయండి.”

“ఏ శతాబ్దమండీ ఆయనది?” అన్నారు చలపతిరావు గారు నోటుబుక్కు తీసి.

“పోయి ఎనిమిదేళ్లయిందండి.”

చలపతిరావు గారు నోటుబుక్కు మూసి, “మీరు నిబ్బరంగా ఉండండమ్మా,” అని వెళ్లిపోయారు. దానమ్మగారు ఆ బోర్డు మీద కోపం తెచ్చుకోలేదు. ఎవరైనా వచ్చి దాని ముందు ఫోటో దిగితే, మా ఆయన పనే అని చెప్పుకునేవారు.

దానమ్మగారి గురించి ఇంకొంచెం చెప్పాలి. భర్త పోయాక ఆవిడ తోటల్లో కూలికి పోయి కూతురు పెర్సిస్‌ని చదివించారు. ఆ అమ్మాయి బీయీడీ చేసి టీచరు పోస్టుకి పరీక్ష రాసింది. మంచి ర్యాంకు వచ్చింది. కౌన్సెలింగ్‌కి పిలుపు రావాలి. రెండు నెలలుగా నేను ఆ ఇంటి ముందు నుంచి పోతుంటే తల్లీకూతుళ్లు ఏమీ అడిగేవారు కారు. గుమ్మంలో నిలబడి నా సంచీ వైపు చూసేవారు. నేను తల అడ్డంగా ఊపేవాణ్ణి. ఇల్లు దాటాక నాకే ఏదో తప్పు చేసినట్టుండేది.

ప్రారంభోత్సవం రోజు పొద్దున్న ఆ ఉత్తరం వచ్చింది. రిజిస్టర్డ్ పోస్టు. కె. పెర్సిస్, దిబ్బలపాలెం. మర్నాడు ఉదయం తొమ్మిది గంటలకి ఏలూరులో కౌన్సెలింగ్ అని కవరు మీదే ముద్ర కొట్టి ఉంది. రాకపోతే తర్వాతి ర్యాంకు వాళ్లకి ఇచ్చేస్తారు. నేను సంచీ కూడా సర్దుకోకుండా సైకిలెక్కాను.

పెదవేగి సెంటర్లో రోడ్డుకి అడ్డంగా వెదురు కట్టారు. కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టాడు.

“సైకిళ్లు పోకూడదండి.”

“ఇది సైకిళ్ల రోడ్డేనండి.”

“అందుకేనండి. రేపు సాయంత్రం దాకా ఏదీ పోకూడదు. లో ట్రాఫిక్ అండి.”

“ఉత్తరం ఇవ్వాలండీ. ఒక అమ్మాయి ఉద్యోగమండి.”

“నాదీ ఉద్యోగమేనండి,” అన్నాడతను. మంచివాడు పాపం. పొలం గట్ల మీదుగా నడిచిపోదామని చూస్తే అటు కూడా తాళ్లు కట్టి ఉన్నాయి. ప్రశాంతతలోకి ఎవరూ పక్కదారిన రాకూడదని ఏర్పాటట. నేను సైకిలు దిగి, వెదురు పక్కనే నిలబడ్డాను. ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకుని నిమిషానికోసారి తడుముకున్నాను.

పదిన్నరకి కాన్వాయి వచ్చింది. నలభై మూడు కార్లు, రెండు పత్రికల వ్యాన్లు, ఒక ఫైరింజను, ఒక అంబులెన్సు. పాదచోదిత ద్విచక్రి ఒక లారీలో వచ్చింది. దాన్ని నలుగురు పట్టుకుని భద్రంగా దింపారు. నీలం రంగుది, కొత్తది. మంత్రిగారు ఇక్కడి నుంచి దిబ్బలపాలెం దాకా దాన్ని తొక్కుతారు. ఆయన తెల్లటి ఖద్దరులో మెరిసిపోతూ కారు దిగి సైకిలు దగ్గరికి వచ్చారు. దాని చుట్టూ ఒకసారి తిరిగారు. సీటు మీద చెయ్యి వేశారు. తర్వాత జోగారావు గారి చెవిలో ఏదో అన్నారు. జోగారావు గారి ముఖం పాలిపోయింది.

“ఇంజను చూడాలట, అందరూ దూరం జరగండి,” అని కేకేసి, సైకిలునీ మంత్రిగారినీ పక్కనున్న పోస్టాఫీసు వెనక్కి తీసుకుపోయారు. అది మా పోస్టాఫీసే. నేను వెనకే వెళ్లాను.

“హాలండులో చూశారు కదండీ మరి!” అంటున్నారు జోగారావు గారు.

“చూశానయ్యా. ఎక్కలేదు.”

“చిన్నప్పుడైనా…”

“చిన్నప్పుడు మా నాన్నగారికి జీపుండేది.”

ఇద్దరు అనుచరులు చెరో పక్కా పట్టుకుంటే మంత్రిగారు ఎక్కి కూర్చున్నారు. అధికార పక్షం గుర్తు చెయ్యి కాబట్టి, సైకిలు మీద ఉన్నంతసేపూ చెయ్యెత్తి చూపిస్తే ఎదుటి పార్టీ గుర్తు దెబ్బ విరుగుతుందని చలపతిరావు గారు ముందే సలహా ఇచ్చి ఉన్నారు. మంత్రిగారు చెయ్యెత్తారు. సైకిలు ఎడమ పక్కకి పోయింది. మంత్రిగారు కుడి పక్కకి పోయారు. మధ్యలో గోడ ఉండడం వల్ల ఇద్దరూ క్షేమంగా ఆగారు.

మంత్రిగారిని లేవదీశాక జోగారావు గారు తల తిప్పి, అక్కడ నిలబడ్డ నన్ను చూశారు. నా చుట్టూ తిరిగారు. నా వీపు వైపు ఆగిపోయారు.

“ఏవండీ, మీకు ఇది తొక్కడం వచ్చా?”

“పంతొమ్మిదేళ్లుగా అదే పనండి.”

“చలపతిరావు గారూ, ఒకసారి ఇటు రండి. ఈయన వెనక భాగం చూడండి.”

చలపతిరావు గారు చూశారు. నాకూ మంత్రిగారికీ ఒకే ఎత్తు. ఒకే లావు. తల వెనక భాగంలో జుట్టు కూడా ఒకే చోట ఊడింది. అయిదు నిమిషాల్లో నేను మంత్రిగారి రెండో జత ఖద్దరులో ఉన్నాను. పత్రికల వాళ్లకి వెనక నుంచే ఫోటోలు తీయాలని, ఎదురుగా వస్తే మంత్రిగారి ఏకాగ్రత చెడుతుందని చెప్పారు. మంత్రిగారు మొదటి కారులో అద్దాలెత్తించుకుని ఏసీ వేసుకుని పడుకున్నారు.

“సంచీ వద్దండి, బాగోదు,” అన్నారు జోగారావు గారు. సంచీ వదిలేశాను. ఉత్తరం, సంతకం కాగితం, పెన్ను మాత్రం ఖద్దరు జేబులోకి మార్చుకున్నాను.

ఆ ప్రయాణం గురించి ఏం చెప్పను! నేను రోజూ పోయే రోడ్డే. కానీ ముందు ఇరవై కార్లు, వెనక ఇరవై కార్లు, సైరన్లు, మైకు కట్టిన జీపులో ‘నిశ్శబ్దాన్ని ఆస్వాదించండి’ అని నినాదాలు. దుమ్ములో ఒక్క చెట్టూ కనబడలేదు. నా చైను చప్పుడు నాకు వినబడకపోవడం అదే మొదటిసారి. జోగారావు గారు పక్కనే జీపులోంచి “చెయ్యెత్తండి, చెయ్యెత్తండి” అంటున్నారు. నాకు రెండు చేతులూ వదిలి తొక్కడం కూడా వచ్చు కాబట్టి ఇబ్బంది లేకపోయింది. రోడ్డు పక్కన నిలబెట్టిన జనం అర్జీలు చేతికిచ్చారు. ఇన్నేళ్లుగా కాగితాలు పంచిన చెయ్యి కదా, వాటిని మొదటిసారి తీసుకుంటుంటే వింతగా ఉంది. వెంకట్రాజు గారు కూడా ఒకటిచ్చారు. ఇస్తూ నా ముఖం చూసి, “నిత్యానందం గారూ, గెలలు కుళ్లిపోతున్నాయండి,” అన్నారు నీరసంగా. ఆశ్చర్యపోయే ఓపిక కూడా ఆయనకి లేదు.

దిబ్బలపాలెంలో కల్వర్టు దగ్గర నేను దిగిపోయాను. అక్కడ ఆగాలని కార్యక్రమంలో లేదు. జోగారావు గారు జీపులోంచి “పోనివ్వండి, పోనివ్వండి” అంటూనే ఉన్నారు. నేను గంట కొట్టాను. తల్లీకూతుళ్లు గుమ్మంలోకి వచ్చారు.

“ఏవండీ నిత్యానందం గారూ, ఇదేం వేషమండీ?” అన్నారు దానమ్మగారు.

“ఇవాళ్టికి నేను మంత్రినండి దానమ్మగారూ. అమ్మాయికి ఉత్తరం వచ్చిందండి.”

పెర్సిస్ కవరు అందుకుంది. చదువుకుంది. మెట్టు మీద కూర్చుండిపోయింది. దానమ్మగారు “ఏమైందే, ఏమైందే?” అని ఆ కాగితాన్నీ కూతురి ముఖాన్నీ మార్చి మార్చి చూస్తున్నారు.

“రేపేనమ్మా. తొమ్మిదికి. ఏలూరులో.”

“రేపా? రేపు సాయంత్రం దాకా రోడ్డు మూసేశారు కదండీ!” అంది పెర్సిస్. “బస్సు లేదు. నడిచిపోదామన్నా అడుగడుగునా కాపలా పెట్టారండి.”

“ముందు ఇక్కడ సంతకం పెట్టమ్మా,” అని కాగితం చాచాను. అది రూలు. ఆ అమ్మాయి సంతకం పెట్టింది. వెనక వ్యాన్లలోంచి కెమెరాలు టపటపా మెరిశాయి.

సంతకం జేబులో పెట్టుకున్నాక నాకు ఒక ఆలోచన వచ్చింది. ఖద్దరు ఒంటి మీద ఉంటే ఆలోచనలు వాటంతటవే వస్తాయి కాబోలు. కాన్వాయిలో చివరి కారు దగ్గరికి నడిచాను. దాని డ్రైవరు ఎవరి కోసమో అద్దెకి తెచ్చిన మనిషి. మంత్రిగారి ముఖం అతను ఎన్నడూ చూసి ఉండడు. అతను గబుక్కున దిగి నిలబడ్డాడు.

“ఈ అమ్మాయినీ వాళ్ల అమ్మగారినీ ఏలూరులో దింపేసిరా,” అన్నాను.

“చిత్తమండి!” అన్నాడతను.

నా జీవితంలో నేను జారీ చేసిన ప్రభుత్వ ఉత్తర్వు అదొక్కటే. వెంటనే అమలైంది. దానమ్మగారు ఇంటికి తాళం వేసి, ఒక చీరా సర్టిఫికెట్ల కవరూ పట్టుకుని కారెక్కారు. పెర్సిస్ కిటికీలోంచి నా వైపు చూసింది. ఏదో అనబోయి ఏడ్చేసింది.

మర్నాడు పేపర్లన్నింట్లోనూ నా వీపు పడింది. ‘పాదచోదిత ద్విచక్రిపై మంత్రి. నిరుపేద యువతికి ఇంటి గుమ్మంలోనే ఉద్యోగం’ అని ఒక పేపరు రాసింది. ఇంకో పేపరు ‘సామాన్యురాలి ఆటోగ్రాఫ్ తీసుకున్న నిరాడంబరుడు’ అంది. కౌన్సెలింగ్‌లో మంత్రిగారి మనిషి వచ్చిందని అధికారులు లేచి నిలబడ్డారట. పెర్సిస్ తన ర్యాంకు కార్డు బల్ల మీద పెట్టి, “ఇది నేను రాసిన పరీక్షండి. మంత్రిగారెవరో నాకు తెలీదండి,” అందట. అంత పెద్దవాళ్లతో పరిచయం ఉండి కూడా ఎంత వినయం అని వాళ్లు ఇంకా మెచ్చుకున్నారు. దిబ్బలపాలేనికి నాలుగు మైళ్లలోనే ఉన్న బడిలో పోస్టు వచ్చింది.

తాడేపల్లిగూడెంలో మంత్రిగారి ఇంటి ముందు ఆ వారంలో ఆరు వందలమంది నిరుద్యోగులు చేరారు. అందరూ చేతిలో పెన్నులు పట్టుకుని, సంతకం పెట్టడానికి సిద్ధంగా వచ్చారు. ఆయన వెనక గుమ్మంలోంచి రాకపోకలు సాగించారు.

అంతలో పై నుంచి నోటీసు వచ్చింది. ఎదుటి పార్టీ గుర్తు మీద కూర్చుని ఊరేగినందుకు మీ మీద క్రమశిక్షణ చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పమని ఆయన పార్టీవారే అడిగారు. పేరు మార్చిన జీవో చూపిస్తే, ఫోటోలో పేరు కనబడదని జవాబొచ్చింది.

మంత్రిగారు ధైర్యవంతులు. విలేకరుల్ని పిలిచి, నన్ను పక్కన నిలబెట్టుకుని, “నేను జీవితంలో సైకిలెక్కలేదు! ఎక్కను! ఫోటోలో ఉన్న వీపు ఈయనది,” అని ప్రకటించారు. నేను వెనక్కి తిరిగి నిలబడ్డాను. విలేకరులు ఫోటో పక్కన పెట్టి పోల్చుకున్నారు. ఆయన నిజాయితీని అందరూ పొగిడారు. మా పై అధికారి గారు మాత్రం డ్యూటీ వేళలో మంత్రిగా ఎందుకున్నావని నన్ను రాతపూర్వకంగా అడిగారు. ‘రిజిస్టర్డ్ ఉత్తరం బట్వాడా అయినది, సంతకం జతపరచడమైనది’ అని రాసిచ్చాను. ఆయన కాగితం వంకా నా వంకా చూసి, నవ్వాపుకుని ఫైల్లో పెట్టేశారు.

రోడ్డు మీద వెదురు తీసేశారు. ట్రాక్టర్లు తిరిగాయి. వెంకట్రాజు గారికి ఆ కాపు పోయింది కానీ తర్వాతిది చేతికొచ్చింది. ఆ వానాకాలానికి తంగేడు మళ్లీ చిగిర్చింది.

ఏడాదిన్నర గడిచింది. ఎన్నికలొచ్చాయి. మంత్రిగారికి ఆయన పార్టీ సీటివ్వలేదు. ఆ మధ్యాహ్నమే ఆయనకి అంతరాత్మ ప్రబోధం కలిగింది. సాయంత్రానికి పసుపు కండువా కప్పుకుని ఎదుటి పార్టీలో చేరిపోయారు. రెండో రోజున తాడేపల్లిగూడెం సెంటర్లో ఇరవై అడుగుల ఫ్లెక్సీ లేచింది. దాని మీద పామాయిల్ తోటల మధ్య సైకిలు తొక్కుకుంటూ పోతున్న నా వీపు. కింద ‘అధికారంలో ఉన్నా ఆయన గుండె సైకిలు మీదే’ అని రాయించారు. బస్సు దిగినవాళ్లంతా తలెత్తి చూస్తున్నారు. నేనూ కాసేపు నిలబడి చూశాను. బానే పడ్డాను.

ఆ వారంలోనే జోగారావు గారు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. కొత్త పార్టీవాళ్లు ఈసారి వెనక నుంచి కుదరదన్నారట. నామినేషన్ రోజున ఆయన జనానికి ఎదురుగా సైకిలు తొక్కుకుంటూ రావాలట. “మీరు నాలుగు రోజులు సెలవు పెట్టి రావాలండి,” అన్నారు. పెద్దవాళ్లు పిలిస్తే కాదనలేం.

రైసుమిల్లులో బస్తాలన్నీ ఒక పక్కకి తోయించి తలుపులేశారు. మంత్రిగారిని ఇప్పుడు మాజీ అనాలి కానీ నోరు రాదు. ఆయన పంచె ఎగ్గట్టి సైకిలు మీద కూర్చున్నారు. చెరో పక్కా ఇద్దరు హమాలీలు పట్టుకున్నారు. నేను వెనక సీటు పట్టుకుని తోశాను. మొదటి రోజు బస్తాల్లోకి పోయారు. రెండో రోజు తూకం మిషన్లోకి పోయారు. మూడో రోజున హమాలీలు వదిలేస్తే పదడుగులు పోయి, ఊకపొట్టు కుప్పలో మెత్తగా దిగబడ్డారు.

నేను వెళ్లి చెయ్యి అందించాను. ఆయన ఆ చెయ్యి పట్టుకోలేదు. ఊకలోనే వెల్లకిలా పడుకుని, ఆయాసపడుతూ, మిల్లు రేకుల వైపు చూస్తూ ఉండిపోయారు. చెవుల్లోనూ మీసాల్లోనూ ఊక. అంత అలసటలోనూ ఆయన ముఖంలో ఒక నిజమైన ఆశ్చర్యం కనిపించింది.

“ఏవయ్యా నిత్యానందం,” అన్నారు నెమ్మదిగా. “ఆ రోజు అంత దూరం అసలు ఎలా తొక్కానంటావు?”